గ్లాసు చేతిలో ఉన్నంతసేపు

నేను వంటవాణ్ణి. ఈ సంగతి ముందే చెప్పేస్తే మంచిది. నోరుండి కూడా ఆ క్యాంపులో నాకు మాట లేకపోవడానికి కారణం అదే.

డెబ్భైల నడిమి సంవత్సరాల్లో ఒమాన్‌లో ఇబ్రి ఊరి బయట మా కంపెనీ ఏవో సర్కారు భవనాలు కడుతుండేది. క్యాంపు ఇంకా అవతల, గుట్టల వైపు. రెండు రేకుల షెడ్లు, వాటి మధ్య నా వంటశాల, దాని వెనక దిమ్మెల మీద ఒక ఇనుప నీళ్ళ ట్యాంకు. షెడ్లలో ఉన్నదంతా కరీంనగర్, నిజామాబాద్ వైపు మనుషులే. నేనొక్కణ్ణే గోదావరి జిల్లా నుంచి వెళ్ళినవాణ్ణి. నేను టీ అంటే వాళ్ళు నవ్వేవాళ్ళు. కొన్నాళ్ళకు నేనూ చాయ్ అనడం అలవాటు చేసుకున్నాను.

షెడ్లకు పై షెడ్డు, కింది షెడ్డు అని పేర్లు. నేల కాస్త వాలుగా ఉండటం తప్ప వేరే కారణం లేదు. ఒకే విమానంలో పక్కపక్కన కూర్చుని వచ్చినవాళ్ళు కూడా, ఎవడికి ఏ షెడ్డులో మంచం దొరికితే వాడు ఆ షెడ్డు మనిషైపోయేవాడు. వారం తిరిగేసరికి అవతలి షెడ్డువాళ్ళంతా దగాకోరులని ఒట్టేసి చెప్పేవాడు. ఈ పిచ్చి ఎక్కణ్ణుంచి పుడుతుందో నాకు ఇప్పటికీ తెలియదు, తెలుసుకోవాలనే కోరికా లేదు. వాళ్ళందరికీ ఒకే డేగిసాలోంచి పప్పు వడ్డించినవాణ్ణి నేను.

మా క్యాంప్ బాస్ బొంబాయి మనిషి. మా తగవులంటే ఆయనకు తలనొప్పి. "ఫైసలా తుమ్ లోగ్ కరో, ముఝే సిర్ఫ్ నామ్ బతావ్" అని, తీర్పేదో మమ్మల్నే చెప్పుకోమని చేతులు దులుపుకున్నాడు. పేరు చెబితే చాలు, ఆ మనిషిని ఇండియా విమానం ఎక్కించేవాడు. అంత పని కాబట్టి ముగ్గురు పెద్దమనుషుల్ని పెట్టుకున్నారు. ఒక్కో షెడ్డు నుంచి ఒక్కొక్కరు, మూడోవాణ్ణి అందరూ చేతులెత్తి ఎన్నుకోవాలి, అలా వచ్చింది రెండు షెడ్లకూ కావలసిన ఒక ముసలాయన. ఏ తగవైనా ఆ ముగ్గురిలో ఇద్దరు ఎటంటే అటు. శుక్రవారం పొద్దున నా వంటశాల ముందు పందిరి కింద అందరూ కూర్చునేవారు. ఊళ్ళో సూక్‌కు తీసుకుపోయే లారీ హారన్ కొట్టగానే లేచేవారు. వారం మొత్తానికి బజారు బండి అదొక్కటే. హారన్ మోగాక ఎవరి ప్రాణం పోతున్నా ఎవరూ ఆగరు.

ఇక గ్లాసు సంగతి. మాకొక షట్టరింగ్ వడ్రంగి ఉండేవాడు, కాంక్రీటు పొయ్యడానికి చెక్క అచ్చులు కట్టేవాడు. మంచి పనివాడు. మనిషికి నత్తి. మామూలు నత్తి కాదు, మొదటి అక్షరం దగ్గరే గొంతు పట్టేసేది, మెడ నరాలు ఉబ్బేవి, కళ్ళలో నీళ్ళు తిరిగేవి. అతను నోరు తెరవగానే ఎవరో ఒకరు ఆ మాట అందుకుని పూర్తి చేసేసేవారు, అదీ తప్పుగా. అతను పప్పు బాగుందనబోతే వీళ్ళు పప్పులో ఉప్పెక్కువైందని నా మీదకు వచ్చేవారు. అది చూసి ముసలాయనకు కోపం వచ్చింది. ఒక శుక్రవారం నా దగ్గర్నుంచి చాయ్ పోసిన స్టీలు గ్లాసు తీసుకుని వడ్రంగి చేతిలో పెట్టాడు.

"గ్లాస్ ఎవని చేతిల ఉంటె మాట వానిది. చాయ్ తాగి గ్లాస్ కింద పెట్టేదాంక ఎవ్వడు నోరు తెరవద్దు" అన్నాడు.

అదే మా క్యాంపు చట్టమైంది. వడ్రంగి ఆ రోజు ఏం మాట్లాడాడో గుర్తులేదు, ఫ్యాను గురించో ఏదో. కానీ మొదటి నుంచి చివరిదాకా తన మాట తనే చెప్పుకున్నాడు. తర్వాత వంటశాలకు వచ్చి కూర్చుని తన సంగతి చెప్పాడు. వాళ్ళ ఊళ్ళో అతన్ని పేరు పెట్టి పిలిచినవాళ్ళు లేరట. అందరికీ నత్తోడే. ఇక్కడ అందరూ మేస్త్రీ అనేవారు. ఆ ఒక్క పిలుపు కోసం ఆ ఎండలో ఎన్నేళ్ళైనా ఉంటానన్నాడు. నేను నవ్వలేదు, నాకు నవ్వు రాలేదు.

ఇంకో చట్టం కూడా ఉండేది, అది నా కోసం. వంటవాడికి చెయ్యి లేదు. అంటే చేతులెత్తే లెక్కలో నేను రాను. "నువ్వు ఎటు దిక్కు లేపినా ఇంకో దిక్కు కూర పల్చనైతది వంటన్నా" అని పరాచికంగా అన్నారు. అప్పుడు నాకూ అది న్యాయంగానే తోచింది.

ఎండాకాలం మొదట్లో ముసలాయనకు కంటి జబ్బు చేసింది. మస్కట్ ఆసుపత్రికి పోయి, అటునుంచి అటే ఇంటికి పోయాడు. మూడో కుర్చీ ఖాళీ అయింది. సరిగ్గా అప్పుడే నీళ్ళ గొడవ వచ్చిపడింది.

ఆ శుక్రవారం నేను ఉల్లిపాయలకూ మాంసానికీ సూక్‌కు వెళ్ళాను. చాలామంది లారీలోనే ఉన్నాం. మిగిలినవాళ్ళు ఆ ఎండకు షెడ్లలో పడి నిద్రపోతున్నారు. తిరిగొచ్చేసరికి వంటశాల వెనక తడి ఇసక వాసన. ట్యాంకు మోగుతోంది, లోపల చుక్క లేదు. ట్యాంకర్ వచ్చేది మర్నాడు. ఆ ఎడారిలో నీళ్ళు పారబోయడమంటే మనిషిని కొట్టడం కంటే పెద్ద నేరం. ఆ సాయంత్రం అన్నం వండలేదు, రొట్టెలూ డబ్బా చేపలూ పంచాను. అందరి నోళ్ళలోనూ మేస్త్రి పేరే.

చూసింది కింది షెడ్డు పెద్ద. ఆయన ముగ్గురు పెద్దమనుషుల్లో ఒకడు, పైగా పంపు ఆపరేటర్, ట్యాంకు ఆయన చేతి కిందే. నిద్రలేచి బయటికొస్తే ఇసక మీద నీళ్ళు కాలవ కట్టాయట, మేస్త్రి వాల్వు మీద చేతులేసి నిలబడ్డాడట. ఏం చేస్తున్నావురా అంటే, నీ... నీ... అని బూతు అందుకున్నాడట.

"నా అంత మనిషిని పట్టుకొని తిట్టిండు. నీళ్ళు పారబోసిందే గాక తిట్టిండు" అని షెడ్డు షెడ్డూ తిరిగి చెప్పాడు.

అసలు జరిగింది మర్నాడు మేస్త్రి నాకు చెప్పాడు. చేతులు పిండిలో ఉంటే అతని నాలుక కాస్త వదులయ్యేది, అందుకని చపాతీ పిండి కలపమన్నాను. షెడ్డులో పడుకుంటే నీళ్ళు పడుతున్న చప్పుడైందట. వెళ్ళి చూస్తే వాల్వు మర అరిగిపోయి ఊరికే తిరుగుతోంది, కట్టుకోవడం లేదు. తువ్వాలు కుక్కి రెండు చేతులతో అదిమిపట్టినా సందుల్లోంచి కారుతూనే ఉంటే అరవబోయాడు. నీళ్ళు, నీళ్ళు అని అరవాలి. మొదటి అక్షరం 'నీ' దగ్గరే మాట ఆగిపోయింది. చేతులు వదిలితే నీళ్ళు పోతాయి, వదలకపోతే ఎవరూ రారు. నీ, నీ అంటూ అలాగే నిలబడ్డాడు. అప్పుడొచ్చాడు ఆ పెద్దమనిషి. మన భాషలో తిట్లన్నీ ఎక్కణ్ణుంచి మొదలవుతాయో వేరే చెప్పాలా? ఆ అక్షరం విన్నాడు, మిగతాది తనే పూర్తి చేసుకున్నాడు.

అదే రోజు పొద్దున్నే, ట్యాంకర్ రాకముందే, ఆ పెద్దమనిషే పాత వాల్వు తీసి కొత్తది బిగించాడు. పాతది ఎటు పోయిందో మళ్ళీ కనిపించలేదు. మర అరిగిందని తేలితే అడిగేది ఎవర్ని? పంపు ఆపరేటర్‌నే. నాకు తెలిసింది, మేస్త్రికీ తెలిసింది. ఫిర్యాదు చేసినవాడూ ఆయనే, తీర్పు చెప్పేవాడూ ఆయనే. పై షెడ్డు పెద్ద ఎలాగూ మేస్త్రి వైపే, మేస్త్రి మంచం ఆ షెడ్డులోదే. కాబట్టి మొత్తం ఆ ఖాళీ కుర్చీలో ఎవరు కూర్చుంటారన్న దాని మీదే ఉంది. అది నిండేదాకా మేస్త్రికి డ్యూటీ లేదని క్యాంప్ బాస్ చెప్పేశాడు. పొద్దంతా నా దగ్గరే పిండి కలుపుతూ, ఉల్లిపాయలు తరుగుతూ ఉండేవాడు. ఆ గొడవ తర్వాత నీళ్ళు అన్న ఆ ఒక్క మాట అతని నోట బొత్తిగా పలకడం మానేసింది. దాహమైతే పానీ అనేవాడు.

"విచారణలో కూడా అదే అను. పానీ ఆపిన, పానీ ఆపిన అను. తెలుగెందుకు?" అని నేర్పించాను. తలూపేవాడు. రోజూ అనిపించేవాణ్ణి.

పై షెడ్డులో చేతులెక్కువ. వాళ్ళ పెద్ద, ఇనప చువ్వలు వంచే రాడ్ బెండింగ్ పనికి ఫోర్‌మన్, మూడో కుర్చీకి ఎవర్ని తెచ్చాడనుకున్నారు? సొంత బావమరిదిని. మీటింగుల్లో గోడకానుకుని గురకపెట్టే మనిషి వాడు. క్యాంపంతటిలో వేరే మనిషే దొరకలేదు కాబోలు. అయినా చేతులు లెక్కపెడితే వాడే నెగ్గుతాడు. అందుకని కింది షెడ్డు పెద్ద చేతులు లెక్కపెట్టనివ్వలేదు. లేచి గ్లాసడిగాడు. నేనే అందించాను. ఎవరడిగినా ఇవ్వాలి.

తీసుకున్నాడు కానీ తాగలేదు. మాట్లాడాడు. బావమరిది గురించి కాసేపు, ఎండ గురించి కాసేపు. కరీంనగర్ నుంచి హైదరాబాద్ పోయే బస్సు ఎక్కడెక్కడ ఆగుతుందో, ఏ స్టాపులో మిర్చీలు బాగుంటాయో చెప్పాడు. వాళ్ళ బర్రె ఈనిన కథ మొదలుపెట్టి, దూడ బయటికి రాకముందే వదిలేసి టమాటాల ధరలోకి పోయాడు. పై షెడ్డువాళ్ళు పళ్ళు నూరుతూ కూర్చున్నారు. చట్టం చట్టమే, గ్లాసు చేతిలో ఉంది. లారీ హారన్ కొట్టింది. అందరూ లేచారు. అప్పుడు గటగటా తాగి గ్లాసు నాకిచ్చాడు.

"చల్లారిపోయింది వంటన్నా, జర వేడిగ పొయ్యకపోయినవా" అన్నాడు నవ్వుతూ.

తర్వాత తెలిసింది, ఆయన కుర్రతనంలో హైదరాబాద్‌లో అసెంబ్లీ క్యాంటీన్‌లో చాయ్ మోసేవాడట. "ఆడ నేను సూసిన. మాట్లాడెటోడు నిలవడ్డంటె కూసోవెట్టుడు ఎవ్వని తరం గాదు" అని గొప్పగా చెప్పుకునేవాడు. చాయ్ మోస్తూ మంచి విద్యే నేర్చుకొచ్చాడు! రెండో శుక్రవారం నేను చాయ్ సలసలా కాగుతుండగా గుడ్డ లేకుండా స్టీలు గ్లాసు చేతిలో పెట్టాను. జేబురుమాలు చుట్టుకుని పట్టుకున్నాడు. మళ్ళీ హారన్. ఆ తర్వాతి శుక్రవారం మేస్త్రి లేచి ఆయన వెనకాలే నిలబడ్డాడు, గ్లాసు ఖాళీ అయితే తను తీసుకుందామని. ఎవరి కోసం పుట్టిన గ్లాసో ఆ మనిషి దాని కోసం కాచుకుని నిలబడ్డాడు. పెద్దమనిషి వెనక్కి తిరిగైనా చూడలేదు. ఆ పూట కూరలో కారం నా కోపమంత పడింది.

అలా కొన్ని వారాలు గడిచాక పై షెడ్డు పెద్దకు ఓపిక చచ్చిపోయింది. ఒక శుక్రవారం అవతలివాడు మళ్ళీ బర్రె దగ్గరికి రాగానే విసురుగా లేచి వచ్చాడు. ఆయన చేతిలో గ్లాసు లాక్కుని, చాయంతా ఇసకలో గుమ్మరించాడు.

"ఇగ ఈ గ్లాస్ కత బంద్! అవునన్నోళ్ళు చేతులు లేపుండ్రి" అన్నాడు.

పై షెడ్డు చేతులన్నీ లేచాయి. అదే ఊపులో బావమరిది కూడా కుర్చీ ఎక్కాడు. కింది షెడ్డువాళ్ళు దగా, మోసం అని కేకలు పెట్టారు. పై షెడ్డువాళ్ళు ఈలలేశారు. వచ్చే శుక్రవారమే విచారణ అన్నారు. వాళ్ళ పెద్ద వచ్చి మేస్త్రి భుజం చరిచాడు.

"నీ కోసమే జేసినం రా తమ్మీ. ఇగ నువ్వు మాట్లాడే పనే లేదు. మేం జూసుకుంటం" అన్నాడు.

మేస్త్రి నవ్వలేదు. ఇసకలో దొర్లిన గ్లాసు తీసి, కడిగి, వంటశాలలో దాని చోట పెట్టాడు. "గ్లాస్... మంచిగుండె" అన్నాడు నాతో. నేను మాత్రం ఆ రోజు సంతోషించాననే చెప్పాలి. ఇద్దరు మన వైపు, ఒకడు అటువైపు, ఇక గెలిచినట్టేననుకున్నాను.

ఆ వారం మధ్యలో ఖబూరా దగ్గర సముద్రం ఒడ్డున కంపెనీకి కొత్త రోడ్డు పని దొరికింది. రాడ్ బెండర్లు కావాలన్నారు, సెంట్రింగ్ వాళ్ళు కావాలన్నారు. పెట్టెలు సర్దుకోమన్నారు, లారీల్లో ఎక్కించుకుపోయారు. ఎవరి కుట్రా లేదు ఇందులో, పని అలా పడింది అంతే. పోయినవాళ్ళలో ఎక్కువమంది పై షెడ్డువాళ్ళు. విచారణ తేలలేదని మేస్త్రిని తీసుకోలేదు. వాళ్ళ పెద్ద మిగిలాడు, బావమరిది మిగిలాడు, చేతులు మిగల్లేదు.

శుక్రవారం పందిరి కింద కూర్చోగానే కింది షెడ్డు పెద్ద లేచాడు. గ్లాసడగలేదు. ఉపన్యాసం లేదు, బర్రె లేదు, బస్సు లేదు.

"మూడో కుర్చీకి మా మనిషిని పెడుతున్నం. అవునన్నోళ్ళు చేతులు లేపుండ్రి" అన్నాడు.

కింది షెడ్డు చేతులు లేచాయి. బావమరిది దిగిపోయాడు, వాళ్ళ మనిషి ఎక్కాడు. నేను పొయ్యి మీది చాయ్ దించేంతలో అయిపోయింది. పై షెడ్డు పెద్ద లేచి నిలబడి, గ్లాసు కావాలి, నాకు గ్లాసియ్యండి అని అరిచాడు. అవును, ఆయనే. అందరూ గొల్లున నవ్వారు.

"మీరు బంద్ జేసిందే గదనే. మల్ల ఎందుకు?" అన్నాడు అవతలాయన.

 అయినా పై షెడ్డు పెద్ద కూర్చోలేదు. పోయిన వారం ఎవరు దగా చేశారు, ఈ వారం ఎవరు దగా చేశారు, చాయ్ పారబోయడం పాపమా, కుర్చీ లాగడం పాపమా, ఇదే వాదన. ఇద్దరూ ఒకరి మీద ఒకరు అరుచుకుంటూ పొద్దెక్కించారు. ఎవరి బతుకు గురించి ఆ రోజు కూర్చున్నారో ఆ మనిషి పందిరి గుంజ పక్కన చేతులు కట్టుకుని నిలబడే ఉన్నాడు. వాళ్ళకు అతను గుర్తున్నట్టే లేడు. అవతల లారీ డ్రైవర్ బానెట్ ఎత్తి నీళ్ళు పోస్తున్నాడు. నేను ఉండబట్టలేక గ్లాసు నిండా చాయ్ పోసి తీసుకెళ్ళి మేస్త్రి చేతిలో పెట్టాను.

"అది చెల్లదు వంటన్నా" అన్నారెవరో.

"చెల్లకపోతే చల్లారనీ. ముందు ఆయన్ని మాట్లాడనివ్వండయ్యా!" అన్నాను.

అప్పుడు గుర్తొచ్చాడు వాళ్ళకు. "సరే, జల్ది చెప్పు. బండి పోతది" అన్నాడు కింది షెడ్డు పెద్ద.

మేస్త్రి గ్లాసు రెండు చేతులా పట్టుకున్నాడు. నా వైపు చూశాడు. పానీ, పానీ అని నేను పెదాలతో చెబుతూనే ఉన్నాను. కానీ ఎదురుగా అంతమంది కూర్చుంటే మనిషికి నేర్పిన మాట రాదు, పుట్టిన మాటే వస్తుంది. మెడ నరాలు ఉబ్బాయి.

"నీ..." అన్నాడు. "నీ... నీ..."

వెనకెవడో కిసుక్కుమన్నాడు. ఇంకొకడు అందుకున్నాడు. గ్లాసు చట్టం ఉన్ననాడు అంత పని చేసే ధైర్యం ఎవడికీ లేదు.

"సూసిండ్రా? అందరి ముంగట గూడ అదే మాట! మల్ల తిడుతుండు!" అన్నాడు కింది షెడ్డు పెద్ద లేచి.

"తిట్టడం లేదయ్యా! నీళ్ళు అంటున్నాడు! ఆ రోజు కూడా నీళ్ళనే అన్నాడు. అరిగిపోయింది వాల్వు, ఆపడానికి పోయాడు!" అని నేను గొంతు చించుకున్నాను.

"నువ్వు సూసినవా? సూక్‌ల ఉంటివి గద. నీకు చెయ్యి గూడ లేదు. పో, పప్పు మాడుతుంది సూసుకో" అన్నాడు కింది షెడ్డు పెద్ద.

పై షెడ్డు పెద్దను చూశాను. ఈ క్యాంపులో మేస్త్రి కోసం అరవడానికి హక్కున్నవాడు ఆయనొక్కడే. ఆయన మూతి ముడుచుకుని, కుర్చీ దగాతో పోయింది కాబట్టి ఈ విచారణే తనకు ఒప్పుకోలు కాదని మొహం తిప్పుకున్నాడు. ఈలోపు హారన్ మోగింది. కింది షెడ్డు పెద్దా, కుర్చీ ఎక్కిన వాళ్ళ మనిషీ మేస్త్రిని పంపెయ్యాలని చేతులెత్తారు. మేస్త్రి నోరు ఇంకా ఆ అక్షరం దగ్గరే తెరుచుకుని ఉంది. పందిరి ఖాళీ అయింది.

చాలాసేపటికి మేస్త్రి వంటశాలలోకి వచ్చి గ్లాసు గట్టు మీద పెట్టాడు. చాయ్ చుక్క తగ్గలేదు. నేను రెండు షెడ్లవాళ్ళనూ నోటికొచ్చినట్టు తిట్టాను, ఆ తిట్లన్నీ 'నీ' అన్న అక్షరంతోనే మొదలయ్యాయి. అతను నన్ను ఆపలేదు, ఉల్లిపాయల బుట్ట ముందుకు లాక్కుని తరగడం మొదలుపెట్టాడు. మధ్యాహ్నం సూక్ నుంచి తిరిగొచ్చి రెండు షెడ్లవాళ్ళూ ఆ ఉల్లిపాయల కూరే మారు వడ్డించుకుని తిన్నారు. కుర్చీ గురించి తింటూ కూడా పోట్లాడుకున్నారు. మేస్త్రి పేరు ఒక్కరూ ఎత్తలేదు.

రెండు రోజులకు కంపెనీ జీపు వచ్చింది, మేస్త్రిని మస్కట్‌లో విమానం ఎక్కించడానికి. అందరూ సైట్‌లో ఉన్నారు. రేకు పెట్టె జీపులో పెట్టి, మేస్త్రి వంటశాల గుమ్మంలోకి వచ్చాడు. దారి చాలా దూరం, ఎండ అప్పటికే కాలుస్తోంది. చేతిలో ఖాళీ సీసా ఉంది. చెయ్యి చాచి నాకిచ్చాడు.

"అన్నా, నీళ్ళు" అన్నాడు.

ఎక్కడా ఆగలేదు. మామూలు మనుషులు ఎలా అంటారో అలాగే అన్నాడు. నేను అతని మొహం చూశాను, అతను నా మొహం చూశాడు. వినడానికి ఆ క్యాంపులో మేమిద్దరం తప్ప ఎవరూ లేరు. నేను సీసా తీసుకుని ట్యాంకు దగ్గరికి వెళ్ళి, కొత్త వాల్వు తిప్పి, నింపి తెచ్చి ఇచ్చాను.